అమెరికా 915 సెన్సర్లను మన 865 బ్యాండ్‌కి మార్చుకోవడం ఎలా

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో ఇప్పుడు లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే రేడియో పద్ధతి) సెన్సర్లు కూడా వస్తున్నాయి. మిరప చేనులో నేల తేమ చూడటానికి ఒకటి, రొయ్యల చెరువులో నీటి వేడి చూడటానికి ఒకటి, డాబా మీద వాన కొలవడానికి ఇంకొకటి. అక్కడ చక్కగా పనిచేసిన కిట్టు ఇక్కడి గేట్‌వేకి, అంటే సెన్సర్ సంకేతాలను విని ఇంటర్నెట్‌కి చేరవేసే పెట్టెకి, అసలు కనిపించదు. లేదా అక్కడి గేట్‌వే కూడా వెంట తెచ్చుకుంటే రెండూ ఇక్కడ మాట్లాడుకుంటాయి గానీ, మన దేశంలో వాటికి అనుమతి లేని ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకుంటాయి. రెండో పరిస్థితి మొదటిదానికంటే చెడ్డది. పని అవుతోంది కదా అని ఎవరూ సరిచేయరు.

ఈ వ్యాసం లోరా, దాని మీద నడిచే నెట్‌వర్క్ పద్ధతి లోరావాన్ సెన్సర్ల గురించి. వైఫై, బ్లూటూత్, జిగ్‌బీ సెన్సర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి, ఆ బ్యాండ్ అన్ని దేశాల్లోనూ దాదాపు ఒకటే. వాటికి ఈ తిప్పలు లేవు.

ముందు పవర్ ఇవ్వకండి

అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఇచ్చిన బ్యాండ్ 902 నుంచి 928 మెగాహెర్ట్జ్. లోరావాన్‌లో దీని పేరు యూఎస్915. సెన్సర్ నుంచి గేట్‌వేకి వెళ్లే 64 ఛానళ్లు అందులో 902.3 దగ్గర మొదలై 914.9 దాకా, 200 కిలోహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున పరుచుకుని ఉంటాయి. గేట్‌వే నుంచి తిరిగొచ్చే జవాబులు 923.3 నుంచి 927.5 మధ్య ఉంటాయి.

మన దేశంలో 890 నుంచి 915 దాకా ఉన్న భాగం మొబైల్ ఆపరేటర్లది. ఆ భాగంలో ఫోన్లు పంపుతాయి, టవర్లు వింటాయి. టవర్ రిసీవర్ కిలోమీటర్ల దూరంలోని ఫోన్ నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని పట్టుకునేలా ఉంటుంది. మీ యూఎస్915 సెన్సర్ పంపే ప్రతి ప్యాకెట్టూ సరిగ్గా ఆ రిసీవర్ వినే చోటే పడుతుంది. టవర్ మీ పొలం పక్కనే ఉంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇలాంటి అంతరాయాల మూలం వెతికే పని టెలికాం శాఖ కింద ఉన్న వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌ది.

మన దగ్గర ఇలాంటి పరికరాలకు లైసెన్సు అక్కర్లేని బ్యాండ్‌ను 2005లో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌గా ఇచ్చారు. 2021లో దాన్ని 868 దాకా పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, ఆంటెన్నా నుంచి వెలువడేది 4 వాట్లు, ఒక్కో క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్: ఇవీ పరిమితులు. వాటితో పాటు ఒక షరతు ఉంది. మీరు ఎవరికీ అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల మీకు అంతరాయం కలిగినా రక్షణ అడగకూడదు. మామూలు సెన్సర్ పంపేది 14 నుంచి 22 డీబీఎం, అంటే 25 నుంచి 160 మిల్లీవాట్లు. కాబట్టి పవర్ విషయంలో మనకు ఇబ్బంది లేదు. తేడా అంతా ఫ్రీక్వెన్సీలోనే ఉంది.

అందుకే, బ్యాండ్ తేలేదాకా బ్యాటరీ పెట్టకండి. చాలా సెన్సర్లు బ్యాటరీ తగలగానే నెట్‌వర్క్‌లో చేరడానికి జాయిన్ రిక్వెస్టులు పంపడం మొదలుపెడతాయి, జవాబు రాకపోతే గంటల తరబడి పంపుతూనే ఉంటాయి.

చేతిలో ఉన్నది ఏ బ్యాండ్‌దో తేల్చుకోవడం

పెట్టె మీద కాదు, పరికరం మీద చూడండి. వెనకవైపు స్టిక్కర్ మీద మోడల్ నంబరు చివర బ్యాండ్ గుర్తు ఉంటుంది: 915, 868, యూఎస్, ఈయూ, ఐఎన్ లాంటివి. ఇంటి వాతావరణ కేంద్రాలమ్మే కంపెనీల్లో చాలామంది ఒకే మోడల్‌ను 433, 868, 915 అని రెండు మూడు రకాలుగా అమ్ముతారు, బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అమెరికాలో కొన్న పరికరం మీద ఎఫ్‌సీసీ (అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) ఐడీ ఉంటుంది. దాన్ని ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో వెతికితే ఆ పరికరం ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా పంపడానికి అనుమతి పొందిందో కనిపిస్తుంది. 902.3 – 914.9 అని కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

విడి బోర్డు అయితే రేడియో చిప్ పేరు చదవండి. ఎస్‌ఎక్స్1276 అయితే 137 నుంచి 1020 మెగాహెర్ట్జ్ దాకా, ఎస్‌ఎక్స్1262 అయితే 150 నుంచి 960 దాకా పనిచేయగలవు. ఎస్‌ఎక్స్1278 మాత్రం 525 దగ్గరే ఆగిపోతుంది. అది 433 మాడ్యూళ్లలో వాడే చిప్, దాన్ని 865కి తేవడం ఏ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రామ్) వల్లా కాదు. ఆన్‌లైన్ దుకాణాల్లో చౌకగా దొరికే మాడ్యూళ్లలో ఇదే ఎక్కువ, కొనేటప్పుడు ఆఖరి అంకె చూసుకోండి.

చిప్ చేయగలదు కాబట్టి పరికరం చేయగలదు అనుకోవడం ఇక్కడ అందరూ పడే పొరపాటు. చిప్‌కీ ఆంటెన్నాకీ మధ్య మ్యాచింగ్ సర్క్యూట్ ఉంటుంది, కొన్నిట్లో ఒక్క బ్యాండ్‌నే పోనిచ్చి మిగతావి ఆపే సా (ఎస్‌ఏడబ్ల్యూ) ఫిల్టర్ కూడా ఉంటుంది. ఆ ఫిల్టర్ 902–928 కోసం వేసిందైతే 865 దగ్గర సంకేతాన్ని పదుల డెసిబెల్స్ కోసేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 865 అని కనిపిస్తుంది, గాల్లోకి మాత్రం ఏమీ రాదు.

ఈ లెక్కన పరికరాలు మూడు రకాలు.

హై బ్యాండ్ మొత్తానికి, అంటే సుమారు 863 నుంచి 928 దాకా, ఒకే హార్డ్‌వేర్ వేసి ప్రాంతాన్ని ఫర్మ్‌వేర్‌లో ఎంచుకోమనేవి మొదటి రకం. ర్యాక్ కంపెనీ 3172 మాడ్యూల్‌లో హెచ్ అని గుర్తున్నది ఇలాంటిదే, ఎల్ అని ఉన్నది 433, 470 బ్యాండ్లకు. వీటిని మార్చుకోవచ్చు.

చిప్ సరైనదే అయినా మధ్యలో 915 ఫిల్టర్ ఉన్నవి రెండో రకం. గేట్‌వేల్లో ఇది ఎక్కువ. ఫిల్టర్ తీసి వేరేది వేయడం వేడిగాలి స్టేషన్, సూక్ష్మమైన టంకం పని తెలిసినవాళ్లకే సాధ్యం. గేట్‌వే అయితే ఆ శ్రమ వద్దు, ఐఎన్865 (లోరావాన్‌లో మన బ్యాండ్ పేరు) రకం కొనుక్కోండి.

ఫ్యాక్టరీలోనే ఫ్రీక్వెన్సీ బిగించేసినవి మూడో రకం. ఇంటి వాతావరణ కేంద్రాలు దాదాపు అన్నీ ఇవే. డేవిస్ వాంటేజ్ ప్రో2 అమెరికా రకం 902–928లో ఛానళ్లు మారుతూ పంపుతుంది, ఐరోపా రకం 868.0–868.6లో పంపుతుంది. రెండూ మన బ్యాండ్ బయటే. వీటిని మార్చే దారి లేదు. అక్కడే అమ్మేయమనండి, లేదా తిరిగి పంపేయండి. డాబా మీది వానకొలత ఇంటి లోపలికి తేవడమే పనైతే తీగతో కలిపే రకం చూడండి, అందులో రేడియో ఉండదు కాబట్టి ఏ దేశానిదైనా ఒకటే.

జీ-వేవ్ (ఇంటి ఆటోమేషన్‌కి వాడే ఇంకో రేడియో పద్ధతి) పరికరాలది కూడా ఇదే కథ: అమెరికావి 908.4, ఐరోపావి 868.4, మనవి 865.2 మెగాహెర్ట్జ్. 700 సిరీస్ కంట్రోలర్‌కి ప్రాంతం మార్చే వీలుంటుంది గానీ, తలుపు సెన్సర్, కదలిక సెన్సర్ లాంటివాటికి చాలావరకు ఆ వీలు ఉండదు.

కావలసినవి

3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ తీగ ఒకటి. 5 వోల్టులది పెడితే బోర్డు కాలిపోవచ్చు, తీగ మీది జంపర్ చూసుకోండి. 865–867కి ట్యూన్ చేసిన ఆంటెన్నాలు, సెన్సర్‌కొకటి, గేట్‌వేకొకటి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కి పెట్టే చిన్న రేడియో రిసీవర్) ఒకటి. ఈ డాంగిల్ ఖర్చు దండగ అనిపించవచ్చు గానీ, మీ సెన్సర్ నిజంగా ఎక్కడ పంపుతోందో కళ్లతో చూపించేది ఇదొక్కటే. ఇది లేకపోతే మిగతా పనంతా ఊహల మీద నడుస్తుంది.

సెన్సర్ ప్రాంతం మార్చడం

ముందు ఆంటెన్నా బిగించండి, తరువాతే పవర్. ఆంటెన్నా లేకుండా పంపితే పవర్ యాంప్లిఫయర్ దెబ్బతినే అవకాశం ఉంది.

ఏటీ కమాండ్లు (సీరియల్ తీగ మీద టైపు చేసే చిన్న ఆదేశాలు) తీసుకునే మాడ్యూల్ అయితే పని నిమిషాల్లో అవుతుంది. ర్యాక్ వారి రూయీ3 ఫర్మ్‌వేర్‌లో బ్యాండ్‌కి అంకెలున్నాయి: ఐఎన్865కి 3, ఈయూ868కి 4, యూఎస్915కి 5, ఏయూ915కి 6. సీరియల్ టెర్మినల్‌లో బ్యాండ్ కమాండ్‌కి 3 అని ఇచ్చి, మాడ్యూల్‌ను రీసెట్ చేసి, మళ్లీ బ్యాండ్ ఎంతో అడగండి. 3 అని జవాబొస్తేనే మారినట్టు. జాయిన్ ప్రయత్నం దానంతట అదే మొదలయ్యే అమరిక ఉంటే ముందు దాన్ని ఆపి, బ్యాండ్ మార్చాక తిరిగి పెట్టండి. లేకపోతే మీరు కమాండ్ టైపు చేసేలోపే అది 915లో పంపుతూ ఉంటుంది.

పొలానికి అమ్మే రెడీమేడ్ సెన్సర్లలో ప్రతి ప్రాంతానికీ వేరే ఫర్మ్‌వేర్ ఫైలు ఉండటం మామూలు. తయారీదారు సైటులో మీ మోడల్‌కి, మీ బోర్డు వెర్షన్‌కి సరిపోయే ఐఎన్865 ఫైలు దించుకుని సీరియల్ తీగతోగానీ ప్రోగ్రామర్‌తోగానీ ఎక్కించండి. ఎక్కించే ముందు నెట్‌వర్క్‌లో చేరడానికి వాడే గుర్తింపు సంఖ్యలు డెవ్‌ఈయూఐ, జాయిన్‌ఈయూఐ, రహస్య కీ అయిన యాప్‌కీ మూడూ కాగితం మీద రాసుకోండి. కొన్ని ఫర్మ్‌వేర్లు వాటిని తుడిచేస్తాయి, స్టిక్కర్ ఊడిపోతే మళ్లీ దొరకవు.

సొంతంగా ఆర్డుయినో ఎల్‌మిక్ లైబ్రరీతో చేసుకున్న బోర్డు అయితే, లైబ్రరీ ఫోల్డరులోని ప్రాజెక్ట్ కాన్ఫిగ్ ఫైల్లో యూఎస్915 వరసను కామెంట్‌గా మార్చి, ఇండియా వరసను తెరవండి. అందులో మన బ్యాండ్ పేరు 866 అంకెతో ఉంటుంది, 865 అని వెతికితే దొరకదు. ఒకేసారి రెండు వరసలు తెరిచి ఉంచితే కంపైల్ కాదు. స్కెచ్‌లో (మీరు రాసిన ప్రోగ్రామ్‌లో) యూఎస్ సబ్‌బ్యాండ్, అంటే 64లో ఎనిమిదేసి ఛానళ్ల గుంపు, ఎంచుకునే వరస ఉంటే దాన్నీ తీసేయండి, మన ప్లాన్‌లో సబ్‌బ్యాండ్‌లు ఉండవు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. స్కెచ్‌లో డేటా రేటును డీఆర్3 అని అంకెతో బిగించి ఉంటే చూడండి. ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్) అంకె పెరిగేకొద్దీ ప్యాకెట్ నెమ్మదిగా, ఎక్కువ దూరం వెళ్తుంది. అమెరికా ప్లాన్‌లో డీఆర్0 అంటే ఎస్‌ఎఫ్10, డీఆర్3 అంటే ఎస్‌ఎఫ్7. మన ప్లాన్‌లో డీఆర్0 అంటే ఎస్‌ఎఫ్12, డీఆర్5 అంటే ఎస్‌ఎఫ్7. అంటే అదే డీఆర్3 ఇక్కడ ఎస్‌ఎఫ్9 అవుతుంది. 10 బైట్ల రీడింగు ఎస్‌ఎఫ్7లో 62 మిల్లీసెకన్లలో వెళ్లేది, ఎస్‌ఎఫ్9లో 206 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రసార సమయం మూడింతలకు పైగా పెరిగింది, బ్యాటరీ ఎందుకు తొందరగా అయిపోతోందో ఎవరికీ అంతుపట్టదు. అంకె మార్చండి, లేదా సెన్సర్ కదలకుండా ఒకేచోట ఉంటే ఏడీఆర్ (డేటా రేటు దానంతట అదే సర్దుకునే అమరిక) పెట్టి ఆ నిర్ణయం నెట్‌వర్క్‌కి వదిలేయండి.

మెష్‌టాస్టిక్ (గేట్‌వే లేకుండా లోరా బోర్డులే ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఫర్మ్‌వేర్) బోర్డులు వాడేవాళ్లకు ఇంత శ్రమ లేదు. యాప్‌లో లోరా సెట్టింగుల్లో ప్రాంతం ఇండియా అని ఎంచుకుంటే చాలు. కొత్త బోర్డు ప్రాంతం చెప్పేదాకా అసలు పంపదు, అది మంచి పద్ధతి. అమెరికాలో వాడి తెచ్చిన బోర్డులో మాత్రం యూఎస్ అనే ఉంటుంది, ఇక్కడ బ్యాటరీ పెట్టగానే పంపుతుంది. ఊరు బయల్దేరే ముందే మార్చి తెమ్మని చెప్పండి.

గేట్‌వే, సర్వర్

ఐఎన్865లో పరికరాలన్నిటికీ పుట్టుకతో ఉండే ఛానళ్లు మూడు: 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్. జాయిన్ రిక్వెస్ట్ ఈ మూడింటిలో ఏదో ఒకదాని మీదే వస్తుంది. మిగతా ఛానళ్లను సర్వర్ (గేట్‌వే వెనక ఉండి నెట్‌వర్క్‌ని నడిపే ప్రోగ్రామ్) జాయిన్ యాక్సెప్ట్‌లో, అంటే చేరడానికి ఒప్పుకునే జవాబులో, చెబుతుంది. పంపాక సెన్సర్ జవాబు కోసం రెండుసార్లు కొద్దిసేపు వింటుంది, వీటినే విండోలు అంటారు. జవాబు మొదటి విండోలో అదే ఛానల్ మీద, రెండో విండోలో 866.550 మీద ఎస్‌ఎఫ్10లో వస్తుంది.

గేట్‌వేలో ఇవన్నీ చేత్తో టైపు చేయనక్కర్లేదు. బేసిక్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ నడిపే గేట్‌వే ఛానళ్ల జాబితాను సర్వర్ నుంచే తెచ్చుకుంటుంది, సర్వర్‌లో గేట్‌వేకి ఇండియా 865–867 ఫ్రీక్వెన్సీ ప్లాన్ ఎంచుకుంటే సరి. పాత పద్ధతి ప్యాకెట్ ఫార్వర్డర్ అయితే గేట్‌వేలోని గ్లోబల్ కాన్ఫ్ ఫైలు మార్చాలి. ఫైలును ఇండియా రకంతో మొత్తంగా మార్చేయండి, అమెరికా ఫైల్లోనే అక్కడక్కడా అంకెలు దిద్దకండి. దిద్దేవాళ్లు వినే ఫ్రీక్వెన్సీలు మార్చి, పంపే ఫ్రీక్వెన్సీకి కనిష్ఠ, గరిష్ఠ హద్దులు చెప్పే రెండు వరసలు మర్చిపోతారు. అవి 923, 928 దగ్గరే ఉండిపోతాయి. అప్పుడు గేట్‌వే వింటుంది, సర్వర్ జవాబు తయారుచేసి పంపుతుంది, గేట్‌వే ఆ ఫ్రీక్వెన్సీ తన హద్దుల్లో లేదని దాన్ని పారేస్తుంది. లాగ్‌లో టీఎక్స్ ఫ్రీక్ అన్న తప్పు కనిపిస్తే కారణం ఇదే.

సర్వర్ ఏ ఖండంలో ఉందన్నదానికీ రేడియో ఫ్రీక్వెన్సీకీ సంబంధం లేదు. ద థింగ్స్ నెట్‌వర్క్ అనే లోరావాన్ సర్వర్ సేవలో ఐరోపా క్లస్టర్ (అక్కడి సర్వర్ల గుంపు) వాడుతున్నాం కాబట్టి ఈయూ868 పెట్టాలేమో అని కొందరు పొరబడతారు. క్లస్టర్ ఏదైనా, గేట్‌వే, సెన్సర్ రెండిటికీ ఇండియా ప్లానే పెట్టాలి.

సెన్సర్‌ను సర్వర్‌లో యూఎస్915 కింద నమోదు చేసి ఉంటే దాన్ని తొలగించి, అవే కీలతో ఐఎన్865 కింద కొత్తగా నమోదు చేయండి. లోరావాన్ వెర్షన్ పరికరం కాగితాల్లో ఉన్నదే ఎంచుకోండి. కీలు ముందే బిగించి ఉండే ఏబీపీ పద్ధతిలో నడిచే పరికరాలకు జాయిన్ ఉండదు కాబట్టి ఛానళ్లూ రెండో విండో ఫ్రీక్వెన్సీ రేటూ రెండు వైపులా చేత్తో సరిపెట్టాలి. వీలుంటే జాయిన్ అయి చేరే ఓటీఏఏ పద్ధతికి మారండి, ఆ తలనొప్పి పోతుంది.

ఆంటెన్నా

క్వార్టర్ వేవ్ తీగ పొడవు మీటర్లలో కావాలంటే 75ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 915కి 8.2 సెంటీమీటర్లు, 866కి 8.66, 433కి 17.3. పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగ కొంచెం పొట్టిగా సరిపోతుంది కాబట్టి 8.7 దగ్గర కత్తిరించి, మిల్లీమీటరు మిల్లీమీటరు తగ్గిస్తూ నానోవీఎన్‌ఏ (ఆంటెన్నాలు కొలిచే చిన్న పరికరం) తో చూడండి. 866 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (ఆంటెన్నా ఎంత సరిపోలిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు) 2 లోపు ఉంటే చాలు.

915 రబ్బరు ఆంటెన్నా 866లో పెడితే ఏమవుతుంది? భయపెట్టేంత నష్టం ఉండదు. ఎస్‌డబ్ల్యూఆర్ 3 అయినా మ్యాచింగ్ వల్ల పోయేది 1.25 డెసిబెల్స్. బల్ల మీద పరీక్షకు దానితో నడిపేయవచ్చు. స్తంభం మీద పెట్టే పొడవాటి ఫైబర్‌గ్లాస్ ఆంటెన్నాల విషయం వేరు, వాటి బ్యాండ్ ఇరుకు, బ్యాండ్ దాటితే మ్యాచింగే కాదు, సంకేతం వెళ్లే దిశ కూడా చెడుతుంది. గేట్‌వేకి మాత్రం 865–867 అని రాసున్నదే కొనండి. 433 ఆంటెన్నాను 866కి వాడకండి: క్వార్టర్ వేవ్ అనుకున్నది ఇక్కడ హాఫ్ వేవ్ అయి, ఇంపిడెన్స్ ఎక్కడికో పోతుంది. చౌక మాడ్యూళ్లతో వచ్చే స్ప్రింగు ఆంటెన్నాల్లో ఈ 433వే ఎక్కువ.

కనెక్టరు కొనేటప్పుడు ఎస్‌ఎంఏ, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ తేడా చూడండి. రెండిటి మరలూ ఒకటే, బిగుసుకుంటాయి, కానీ మధ్య సూది ఉండకపోతే సంకేతం వెళ్లదు. బోర్డు మీది చిన్న యూ.ఎఫ్‌ఎల్ కనెక్టరు సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే తయారైంది, పరీక్షల పేరుతో అస్తమానం పీకకండి.

పరీక్ష

సెన్సర్‌నీ గేట్‌వేనీ ఒకే బల్ల మీద పెట్టకండి. మరీ దగ్గరైతే గేట్‌వే రిసీవర్ ఉక్కిరిబిక్కిరై, ఒకే ప్యాకెట్‌ను తప్పు ఛానళ్ల మీద కూడా విన్నట్టు చూపిస్తుంది. అది చూసి ఫ్రీక్వెన్సీ ఇంకా తప్పుందని మళ్లీ మొదటికొస్తారు. మధ్యలో ఒక గోడ, కనీసం 5 మీటర్ల దూరం ఉండనివ్వండి.

డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్ లాంటి ప్రోగ్రామ్‌లో 865.5 దగ్గర 2 మెగాహెర్ట్జ్ వెడల్పు తెరవండి. సెన్సర్‌కి పవర్ ఇవ్వండి. లోరా ప్యాకెట్ జలపాతం తెరమీద ఏటవాలు గీతలుగా, 125 కిలోహెర్ట్జ్ వెడల్పున ఒక చిన్న పట్టీలా కనిపిస్తుంది. అది 865.06, 865.40, 865.98 మూడింటిలో ఎక్కడో ఒకచోట మెరవాలి. ఏమీ కనిపించకపోతే డాంగిల్‌ను 903 దగ్గరికి, తరువాత 910కి తిప్పండి. అక్కడ కనిపిస్తే ఫర్మ్‌వేర్ మారలేదు, వెంటనే పవర్ తీసేయండి.

తరువాత గేట్‌వే లాగ్ చూడండి. 5 మీటర్ల దూరంలో, గోడ అడ్డంగా ఉన్నా ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సంకేత బలం) మైనస్ 40 నుంచి మైనస్ 60 డీబీఎం మధ్య రావాలి. అంత దగ్గర్లో మైనస్ 95, మైనస్ 100 వస్తోందంటే దారిలో 915 ఫిల్టర్ ఉంది, లేదా ఆంటెన్నా తగల్లేదు. ఈ ఒక్క అంకె చూసుకోకుండా పొలానికి తీసుకెళ్లకండి. బల్ల మీద మైనస్ 100తో కూడా డేటా వస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. చేనుగట్టు మీద 200 మీటర్లు నడిచేసరికి ఆగిపోతుంది. లోరా ఎస్‌ఎఫ్12లో మైనస్ 137 దాకా వినగలదు కాబట్టి లోపాన్ని బాగా దాచిపెడుతుంది.

పని చేయకపోతే

మూడు రీడింగుల్లో ఒకటే వస్తోందా? గేట్‌వే ఒక్క ఛానలే వింటోంది. మూడు ఛానళ్లలో సెన్సర్ యాదృచ్ఛికంగా ఒకటి ఎంచుకుంటుంది కాబట్టి లెక్క సరిగ్గా అలా తేలుతుంది. ఒక చిప్పుతో చేసిన సింగిల్ ఛానల్ గేట్‌వేల లక్షణం ఇది. 8 ఛానళ్ల గేట్‌వే తప్ప దీనికి వేరే మందు లేదు.

జాయిన్ రిక్వెస్ట్ సర్వర్‌కి వచ్చింది, యాక్సెప్ట్ పోయింది, అయినా సెన్సర్ మళ్లీ మళ్లీ అడుగుతోందా? లోపం జవాబు దారిలో ఉంది. ముందు పైన చెప్పిన హద్దుల వరసలు చూడండి. అవి బాగుంటే డాంగిల్‌తో చూడండి: రిక్వెస్ట్ తరువాత సరిగ్గా 5 సెకన్లకు అదే ఛానల్ మీద, లేదా 6 సెకన్లకు 866.55 మీద గేట్‌వే జవాబు మెరవాలి. మెరిసినా సెన్సర్ వినలేదంటే సెన్సర్ ఫర్మ్‌వేర్‌లో విండోల అమరిక ఇంకా పాత ప్రాంతానిదే.

కొత్తగా నమోదు చేశాక జాయిన్ తిరస్కరిస్తోందా? లోరావాన్ 1.0.4లో ప్రతి జాయిన్‌కీ ఒక లెక్క పెరుగుతూ పోతుంది, వాడిన అంకె మళ్లీ రాకూడదు. ఫర్మ్‌వేర్ ఎక్కించినప్పుడు సెన్సర్‌లో లెక్క సున్నాకి వచ్చి, సర్వర్‌లో పాతది మిగిలి ఉంటే ఇలా అవుతుంది. సర్వర్‌లో ఆ లెక్క తుడిచేయండి.

గేట్‌వే ఊళ్లో సరిగ్గా వినడం లేదు, టవర్‌కి దూరంగా పెడితే బాగా వింటోందా? మన దేశంలో 869 నుంచి మొబైల్ టవర్లు పంపే 850 బ్యాండ్ మొదలవుతుంది. 866కి దానికీ మధ్య 3 మెగాహెర్ట్జే ఎడం. పక్కనే టవర్ ఉంటే గేట్‌వే చెవులు మూసుకుపోతాయి. గేట్‌వేకీ ఆంటెన్నాకీ మధ్య 865–867 క్యావిటీ ఫిల్టర్ పెట్టండి, లేదా గేట్‌వేను వేరే డాబా మీదికి మార్చండి. రెండోది ఖర్చు లేనిది, ముందు అది చేసి చూడండి.

868 కిట్లు వాడొచ్చా

2021 తరువాత 868 దాకా అనుమతి ఉంది కదా, ఐరోపా కిట్టు అలాగే వాడొచ్చని అమ్మేవాళ్లు కూడా చెబుతున్నారు. అది తప్పు. ఈయూ868 పరికరాలు జాయిన్ అయ్యే ఛానళ్లు 868.1, 868.3, 868.5. మూడూ 868 దాటాయి. వాటి రెండో విండో 869.525, అది మన మొబైల్ 850 బ్యాండ్ లోపల పడుతుంది. మంచి సంగతి ఏమిటంటే, ఐరోపా హార్డ్‌వేర్ చాలావరకు 863–870 మొత్తానికి చేసి ఉంటుంది కాబట్టి 865కి మార్చడం అమెరికా కిట్టు కంటే తేలిక, ఫిల్టరూ అడ్డు రాదు, ఆంటెన్నా కూడా సరిపోతుంది. ఫర్మ్‌వేర్‌లో ప్రాంతం మారిస్తే చాలు. లండన్ నుంచి, జర్మనీ నుంచి తెచ్చేవాళ్లకి ఇది గుర్తుంచుకోదగిన తేడా.

ఇక్కడే కొంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికర ఆమోదం) పత్రం చూపించమని అడగండి. అందులోని ఫ్రీక్వెన్సీ 865–867 లేదా 865–868 లోపల ఉందో లేదో చదివి కొనండి. ఐఎన్865 అని పెట్టె మీద అచ్చు వేసి లోపల 868 ఫర్మ్‌వేర్‌తో వచ్చేవి ఉంటాయి, కాబట్టి డాంగిల్ పరీక్ష వీటికీ చేయండి.

ఇక్కడి సెన్సర్లు అమెరికాకి తీసుకెళ్లేటప్పుడు

పని అదే, దిశ తిరగబడుతుంది. అక్కడ 851 నుంచి 869 దాకా ల్యాండ్ మొబైల్ రేడియోలది, 865లో పంపకూడదు. యూఎస్915కి మార్చాక రెండు కొత్త ఇబ్బందులు వస్తాయి. మొదటిది, సెన్సర్‌కి 64 ఛానళ్లు, మామూలు గేట్‌వే వినేది 8. సబ్‌బ్యాండ్ చెప్పకపోతే ఎనిమిదింటిలో ఏడు ప్యాకెట్లు గాల్లో కలుస్తాయి. ద థింగ్స్ నెట్‌వర్క్ అక్కడ వాడేది రెండో సబ్‌బ్యాండ్, 903.9 నుంచి 905.3 దాకా. సెన్సర్‌లో అదే పెట్టండి. రెండోది, అక్కడ ఒక్కో ప్రసారం 400 మిల్లీసెకన్లు దాటకూడదు, అందుకే డీఆర్0లో 11 బైట్లకు మించి పంపలేరు. ఇక్కడ డీఆర్0లో 51 బైట్లు వెళ్లేవి. నేల తేమ, వేడి, ఈసీ (నేల విద్యుత్ వాహకత), బ్యాటరీ కలిపి 16 బైట్లు పంపే సెన్సర్ దగ్గర్లో ఉన్నంతసేపు బాగానే పనిచేసి, దూరం పెరిగి డీఆర్0కి దిగగానే మూగబోతుంది. బయల్దేరే ముందే ఆ రీడింగులను 11 బైట్లలో కుదించండి: వేడికి 2, తేమకి 2, ఈసీకి 2, బ్యాటరీకి 1 సరిపోతాయి, ఇంకా 4 మిగులుతాయి.